మన బొమ్మ మనమే గీసుకోవాలి: సెల్‌ఫోన్‌లో ఒక బొమ్మల కథ తయారైన తీరు

ఈ దేశంలో దళితుల గురించి రాసినవాళ్ళు తక్కువ. గీసినవాళ్ళు ఇంకా తక్కువ. ఆ గీసినవాళ్ళలోనైనా మనల్ని మనుషుల్లాగా గీసినవాళ్ళెందరు? 1932 నుంచి 1948 దాకా ఇంగ్లీషు పత్రికల్లో అంబేడ్కర్ మీద వచ్చిన కార్టూన్లను ఉన్నమటి శ్యామసుందర్ ఏరి, కూర్చి 2019లో ‘నో లాఫింగ్ మేటర్’ అనే పుస్తకంగా తెచ్చారు. అది తిరగేస్తే ఒక సంగతి అర్థమవుతుంది. కుంచె కూడా కులాన్ని మోస్తుంది. శంకర్ 1949లో వేసిన ఒక కార్టూన్ పదకొండో తరగతి పాఠ్యపుస్తకంలోకెక్కి, 2012లో పార్లమెంటు దాకా గొడవ అయిన సంగతి మనకు తెలిసిందే. అప్పుడు చాలామంది పెద్దమనుషులు “నవ్వడం నేర్చుకోండి” అని మనకే సుద్దులు చెప్పారు. ఎవరు ఎవర్ని చూసి నవ్వుతున్నారన్న ప్రశ్న మాత్రం వాళ్ళకు తట్టలేదు.

దీనికి ఎదురు పని కూడా జరిగింది. అన్వేషి పూనికతో 2008లో ‘డిఫరెంట్ టేల్స్’ పేర పిల్లల బొమ్మల కథలొచ్చాయి. 2011లో అంబేడ్కర్ జీవితం మీద ‘భీమాయన’, ఫూలే ‘గులాంగిరి’ ఆధారంగా ‘ఎ గార్డెనర్ ఇన్ ది వేస్ట్‌ల్యాండ్’ వచ్చాయి. అయితే వీటి వెనక ప్రచురణ సంస్థలున్నాయి, చేయి తిరిగిన చిత్రకారులున్నారు. ఇవేవీ లేనివాడు, బళ్ళో డ్రాయింగ్ పీరియడ్ తప్ప మరో శిక్షణ లేనివాడు, చేతిలోని సెల్‌ఫోన్‌తో బొమ్మల కథ గీయగలడా? గీయొచ్చు. నేను గీసిన ఎనిమిది పేజీల కథే ఆధారంగా, ఎట్లా గీయాలో, ఎక్కడ తప్పు పోతామో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కథ ఎవరిది?

సికింద్రాబాద్ అంటే చాలామందికి రైల్వే స్టేషను, ప్యారడైజ్ బిర్యానీ, కంటోన్మెంటు. కానీ ఇదే ఊరు ఇద్దరు దళిత స్త్రీలను రాజకీయాల్లోకి పంపింది. ఒకరు చిలకలగూడలో 1918లో పుట్టిన జె. ఈశ్వరీబాయి. నాయన రైల్వే ఉద్యోగి. ఆమె టీచరుగా పనిచేసి, చిలకలగూడలోనే గీతా విద్యాలయం పెట్టి, 1951లో మున్సిపల్ కౌన్సిలరుగా గెలిచింది. తర్వాత రిపబ్లికన్ పార్టీ నాయకురాలయింది. ఇంకొకరు పెన్షన్‌పురలో, మెహతర్ కుటుంబంలో 1928లో పుట్టిన టి.ఎన్. సదాలక్ష్మి. 1960 నుంచి 62 దాకా ఆంధ్రప్రదేశ్ శాసనసభకు డిప్యూటీ స్పీకరు, ఆ తర్వాత దేవాదాయ శాఖ మంత్రి. గుడి గడప తొక్కనివ్వని కులంలో పుట్టిన ఆడమనిషి బల్ల మీదికి గుళ్ళ ఫైళ్ళన్నీ వచ్చాయి! సదాలక్ష్మి బతుకు కథను గోగు శ్యామల ‘నేనే బలాన్ని’ పేర పుస్తకం చేసింది గనుక మనకిన్ని సంగతులు దక్కాయి. లేకుంటే అవి కూడా ముసలోళ్ళ నోళ్ళలోనే ఉండి పోయేవి.

ఈ ఇద్దరూ 1967లో ఎల్లారెడ్డి నియోజకవర్గంలో ఎదురెదురుగా నిలబడ్డారు. ఈశ్వరీబాయి గెలిచింది, సదాలక్ష్మి ఓడింది. 1969 తెలంగాణ ఉద్యమంలో మళ్ళీ ఇద్దరూ ఒకే పక్కన ఉన్నారు. నా కథ ఈ రెండేళ్ళదే. జీవితం మొత్తాన్ని ఎనిమిది పేజీల్లో కుక్కితే అది పాఠ్యపుస్తకం అవుతుంది. కొత్తగా గీసేవాళ్ళు ఒక సంఘటన పట్టుకుంటే చాలు.

గీత కన్నా ముందు రాత

ముందు ఫోను తీయొద్దు. కాగితం మీద ఒక్కో పేజీకి ఒక్క వాక్యం రాసుకోవాలి. ఎనిమిది పేజీలకు ఎనిమిది వాక్యాలు. ఆ వాక్యం చెప్పలేకపోతే ఆ పేజీ అక్కర్లేదు. తర్వాత అగ్గిపెట్టె సైజులో పేజీ నమూనాలు గీసుకోవాలి. ఎక్కడ ఎన్ని గడులు, ఏ గడి పెద్దది, మనిషి దగ్గరా దూరమా అనేది తేలేది ఇక్కడే. కర్రబొమ్మలు చాలు. ఈ దశలో మార్చడానికి ఒక్క నిమిషం పడుతుంది. రంగులేసినంక మార్చాలంటే రెండు రోజులు.

ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. మన పెద్దల ఫొటోలు తక్కువ. దొరికేవి చాలావరకు పదవిలో ఉన్నప్పటివి, ముసలితనంలోవి. చిన్నప్పటి ఈశ్వరీబాయి ఎట్లుండేదో మనం చూసిందెక్కడ? ఊహించి గీస్తే రేపు ఆ ఊహే చరిత్రగా చెలామణి అవుతుంది. అందుకని రెండు కట్టుబాట్లు పెట్టుకున్నాను. ఒకటి, ఆధారమున్న గడికి నిండు గీత అంచు, ఊహించిన గడికి చుక్కల అంచు. ఈ సంగతి మొదటి పేజీలోనే చదువరికి చెప్పాను. రెండు, రికార్డయిన మాట తప్ప ఆ ఇద్దరి నోట్లో ఏ మాటా పెట్టకూడదు. మాట దొరకని చోట వాళ్ళు మౌనంగా ఉంటారు, చుట్టూ ఉన్న జనం మాట్లాడతారు. ఇట్లా చేస్తే కథ పలచబడుతుందని భయపడ్డాను. పలచబడలేదు. మాట్లాడని మనిషి చేతుల మీదికి, నిలబడ్డ తీరు మీదికి చూపు పోయింది.

పొరలు, రంగు

గీయడానికి ఐబిస్ పెయింట్ లాంటి యాప్ ఫోన్‌లోనే దొరుకుతుంది. కంప్యూటరుంటే క్రిటా ఉంది, పైసా ఖర్చు లేదు. వీటన్నిటికీ కీలకం పొరలు. గాజు పలకల్ని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు అనుకోండి. అడుగున పెన్సిలు పొర, దాని మీద సిరా పొర, ఈ రెంటి నడుమ రంగు పొర, అన్నిటికన్నా పైన అక్షరాల పొర. రంగు చెడితే రంగు పొర ఒక్కటే తుడుస్తాం, గీత చెక్కుచెదరదు. చివర్లో పెన్సిలు పొర దాచేస్తాం. కాగితం మీద చేయి వణికితే తప్పు నిలిచిపోతుంది, ఇక్కడ వెనక్కి పోవచ్చు. శిక్షణ లేనివాడికి ఇదే పెద్ద ఆసరా.

పేజీని ఎప్పుడూ పెద్దగా గీసి చిన్నగా చేయాలి. ఎ4 సైజు అచ్చుకు 2480 అడ్డం, 3508 నిలువు పిక్సెళ్ళుంటే బొమ్మ తేటగా వస్తుంది. ఫోన్ తెరకు సరిపోయేట్టు చిన్నగా గీసి తర్వాత పెంచితే అంచులు పళ్ళు పళ్ళుగా కనిపిస్తాయి.

రంగు దగ్గర ఆగి ఆలోచించాలి. 1967 నుంచి వచ్చిన అమర్ చిత్ర కథలు చదివిన తరాలకు మంచివాడు తెల్లగా, రాక్షసుడు నల్లగా ఉంటాడని కంటికి అలవాటయింది. మన చెయ్యి కూడా ఆ అలవాటులోనే పెరిగింది. నా మొదటి పేజీలో బస్తీ ఆడవాళ్ళందరికీ గులాబీ కలిసిన గోధుమ రంగేశాను, తెలియకుండానే! తర్వాత మా ఇంటి వాకిట్లో మధ్యాహ్నపు ఎండలో మా చిన్నమ్మ చేతిని ఫొటో తీసి, అందులోంచి రంగులు ఎంచుకున్నాను. నలుపంటే ఒక్క రంగు కాదని అప్పుడు తెలిసింది. ఎండ పడ్డ చోట రాగి, నీడలో నీలం, కణుపుల కాడ ఊదా. కృత్రిమ మేధను అడిగితే క్షణంలో బొమ్మ ఇస్తుంది గదా అని మిత్రులంటున్నారు. అది ఇంతకు ముందున్న బొమ్మల నుంచే నేర్చుకుంది. ఆ బొమ్మలు ఎవరు గీసినవో పైనే చెప్పుకున్నాం.

తెలుగు అక్షరంతో తంటా

కామిక్ నేర్పే పుస్తకాలన్నీ ఇంగ్లీషు అక్షరాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవే. మన అక్షరానికి పైన గుడులు, కింద ఒత్తులు. వరసల మధ్య జాగా ఎక్కువ వదలకపోతే పై వరస ఒత్తు కింది వరస గుడిని తన్నుతుంది. మన మాటలు పొడుగు. “వెళ్ళిపోయిందనుకున్నాను” అన్నది ఒకే మాట. గుండ్రటి బుడగలో అది ఇమడదు. అందుకని ముందు మాట రాసి, దాని చుట్టూ బుడగ గీయాలి. అడ్డంగా సాగిన బుడగ మనకు నప్పుతుంది.

కొన్ని యాప్‌లలో ఒత్తులు ఊడి పక్కకు పడతాయి. పాత డీటీపీ వాళ్ళు అను ఫాంట్లలో కొట్టిచ్చిన మాటర్ ఫోన్‌లోకి వస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలవుతుంది. యూనికోడ్‌లో ఉచితంగా దొరికే మల్లన్న, రామభద్ర, మండలి వంటి ఫాంట్లు వాడుకోవచ్చు. నేను చివరికి చేత్తోనే రాశాను. కొంచెం వంకర పోయినా, జనం మాటలకు ఆ వంకరే నప్పింది. ‘భీమాయన’లో దుర్గాబాయి వ్యాం, సుభాష్ వ్యాం దంపతులు కులం విషం కక్కే మాటలకు తేలు కొండి ఉన్న బుడగ, మెత్తని మాటలకు పిట్ట ఆకారం బుడగ వాడారు. బుడగ కూడా మాట్లాడుతుందని అక్కడ నేర్చుకోవాలి.

1967 పేజీ

ఇప్పుడు అసలు సంగతి. ఎల్లారెడ్డి ఎన్నికల పేజీని మొదట ఇట్లా గీశాను. ఎత్తయిన వేదిక మీద ఈశ్వరీబాయి, దండలు, జనం. కింద మూలన తల దించుకుని సదాలక్ష్మి. చూడ్డానికి బాగుంది, నాటకీయంగా ఉంది. పెన్షన్‌పుర వైపు బస్తీలో ఒక పెద్దామెకు చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే అడిగింది: “బిడ్డా, నువ్వెవరింట్ల పుట్టినవ్?”

నేను మాల ఇంట్ల పుట్టినవాణ్ణి. ఆ ప్రశ్నకు నా దగ్గర వేరే జవాబు లేదు. ఓడినామె తల దించుకుందని నాకెవరు చెప్పారు? ఆధారం లేని ఆ గడికి నిండు గీత అంచు వేసింది నేనే. నా కట్టుబాటును నేనే తప్పాను, తప్పినట్టు కూడా నాకు తెలియలేదు. మనల్ని వంకరగా గీసినవాళ్ళను తిట్టే మనం, మనకన్నా కింద ఉన్నారనుకున్నవాళ్ళను ఎట్లా గీస్తున్నాం?

1994లో దండోరా అడిగిన ప్రశ్న ఇదే. వర్గీకరణ చేసుకునే అధికారం రాష్ట్రాలకుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న తీర్పిచ్చింది. 2025లో తెలంగాణ ఎస్సీలను మూడు గ్రూపులుగా విభజిస్తూ చట్టం తెచ్చింది. చట్టం లెక్క తేలుస్తుంది, కంటికి అలవాటైన ఎత్తుపల్లాలను మాత్రం మనమే సరి చేసుకోవాలి.

పేజీ మళ్ళీ గీశాను. నిలువుగా రెండు సమాన సగాలు. ఎడమ పక్క చిలకలగూడ ఇరుకు వీధి, కుడి పక్క పెన్షన్‌పుర. రెండింట్లోనూ ఒకే ఎత్తులో ఇద్దరు ఆడవాళ్ళు నడిచొస్తున్నారు, కింద ఓట్ల పెట్టె ఒక్కటే. ఫలితం ఒక వాక్యంలో రాశాను. ఒకే జనం నుంచి వచ్చిన ఇద్దరు బలమైన స్త్రీలను ఒక్క సీటు కోసం ఎదురెదురు నిలబెట్టిన వ్యవస్థేమిటన్న ప్రశ్నను చదువరికి వదిలేశాను. దాని ఎదుటి పేజీ 1969. రోడ్డు మీద జనం, ఆ జనంలో ఇద్దరూ. పెద్దామె చూసి “ఇగ సరే” అన్నది. తర్వాత చీర కట్టు తప్పని చెప్పి, కూర్చోబెట్టి కుచ్చిళ్ళు ఎట్లా వస్తాయో చూపించింది. చిలకలగూడ పెద్దలకూ అదే పేజీ చూపించాను. గెలిచినామెను తక్కువ చేశావని ఒకాయన అలిగాడు. పేజీ మార్చలేదు గానీ, ఆయన మాటను కూడా చివరి పేజీలో రాశాను.

పంచడం

వాట్సాప్‌లో బొమ్మగా పంపితే నాణ్యత దిగుతుంది. పీడీఎఫ్ చేసి డాక్యుమెంటుగా పంపాలి. తెర మీద మెరిసే రంగు అచ్చులో మసకబారుతుంది, జిరాక్స్‌లో లేత బూడిద రంగు మాయమవుతుంది. హాస్టళ్ళలో, బస్తీ స్టడీ సర్కిళ్ళలో తిరిగేది జిరాక్సే గనుక, రంగు లేకుండా నల్ల గీతలతోనే అర్థమయ్యే ప్రతి ఒకటి వేరుగా తయారు చేసుకోవాలి.

టీచర్లకు, విద్యార్థులకు, కార్యకర్తలకు చెప్పేదొకటే. ప్రతి బస్తీలో ఇట్లాంటి ఒక కథ ఉంది, ప్రతి చేతిలో ఫోనుంది. గీత వంకర పోతే పోనివ్వండి. గీసినంక మాత్రం ముందుగా మీ కులంవాళ్ళకు కాదు, మీ పక్క బస్తీకి తీసుకుపోయి చూపించండి. వాళ్ళు మౌనంగా ఉంటే, ఆ పేజీ మళ్ళీ గీయండి.