మంచువాలుపై మొదటి దినములు



వేసవియంతయు కొట్టమున నిలిచిన యెద్దులను ఏరువాకనాడు కాడికి గట్టి, ఆ యొక్కదినముననే రెండెకరములు దున్నింపబూనువానిని మీరు మెత్తురా? అట్టి తెలివితక్కువపని నేనొకమారు చేసితిని. అయితే చెడినది యెద్దు కాదు, నా మోకాలు.

కాశ్మీరమున గుల్మార్గు అను చోటు సముద్రమట్టమునకు సుమారు 8,700 అడుగుల యెత్తున నున్నది. డిసెంబరు చివరనుండి మార్చివరకు అచట మంచు దట్టముగ పేరుకొనియుండును. స్కీలనెడు పొడవైన పలకలను బూట్లకు బిగించుకొని యా మంచువాలుపై జారుట యొక విద్య. నేను మూడు శీతకాలములు దానిని నేర్చితిని. నాలుగవయేట "వచ్చిన విద్య యెక్కడికి బోవును?" అనుకొని, తొలిదినముననే నిటారువాలునకు పోతిని. వేగము హెచ్చెను, భయము పుట్టెను, శరీరము తనంతట వెనుకకు వాలెను. వెనుకకు వాలినచో పలకల ముందుభాగమున బరువుండదు. బరువు లేనిదే పలక తిరుగదు. నేను పడితిని, మోకాలు మెలివడెను, ఆ యేటి కాలమంతయు మంచమున గడచెను.

మరుసటియేట నా గురువు చెప్పిన క్రమమును మీకు విన్నవింతును.

మొదటిది, కొండకు బోవుటకు నెలదినముల ముందునుండియే గుంజీళ్లు తీసి తొడలకు బలము గూర్చుకొనవలెను.

రెండవది, ఎంత నేర్చినవాడైనను మొదట మెల్లనివాలుననే యుండవలెను. అచట పలకల ముందుకొనలను దగ్గరకు చేర్చి, వెనుకకొనలను ఎడముచేసి, లోపలియంచులతో మంచును ఒత్తవలెను. అప్పుడు వేగము తగ్గును. జర్మనుభాషలో ఈ భంగిమను నాగలి యనియే యందురు. ఆస్ట్రియాలోని సాంక్ట్ ఆంటోన్ గ్రామమున 1907లో బోధన మొదలిడిన హన్నెస్ ష్నైడరు తన శిష్యులకు నాగలితో నారంభించియే పైమెట్లు నేర్పెను.

మూడవది, మోకాళ్లను చీలమండలను కొంచెము వంచి, ముంగాలు బూటు ముందువైపును తాకునట్లు నిలువవలెను. చేతులు ముందుండవలెను, చూపు పాదములపై గాక దారిపై నుండవలెను.

నాలుగవది, ఎడమకు తిరుగునపుడు కుడికాలిపై, కుడికి తిరుగునపుడు ఎడమకాలిపై బరువు మోపవలెను. దీనికి పరీక్ష సులభము. తిరుగుచుండగా లోపలికాలి పలకవెనుకకొన నొక్కక్షణము పైకెత్తుడు. ఎత్తగలిగితిరా, బరువు సరియైన కాలిపై నున్నది.

చివరిది, అలసితిమని తోచగనే దిగిపోవలెను. అలసినకాలు మాట వినదు.

నేను మూడుదినములు చిన్నపిల్లల నడుమ నాగలిభంగిమ నభ్యసించితిని. సిగ్గుగనే యుండెను. నాలుగవనాడు, నన్ను పడద్రోసిన యా నిటారువాలుననే, ఒక్కమారైనను పడక, క్రిందికి దిగితిని.