పొట్టేలు బండి: ఒక చిన్న కారుకు ఆధారాల అన్వేషణ

వెల్గటూరు నుండి ఒక శ్రోత మాకు ఉత్తరం వ్రాసినారు. వృత్తి వడ్రంగం. వారి తాతగారు డెబ్బది ఏండ్ల క్రిందట ఆ ప్రాంతపు ఒక దొరవారి వద్ద కారు నడిపేవారట. ఆయన పోయి చాలా కాలమైనది. ఇంట మిగిలినది ఒక ఛాయాచిత్రం. అందులో తాతగారు కారు తలుపు మీద చేయి వేసి నిలుచున్నారు. బాపమ్మకు ఇప్పుడు తొంబది దాటినవి, చూపు మందగించినది. ఆ కారును చిన్న నమూనాగా చేసి ఆమె చేతిలో పెట్టవలెనని మనవడి కోరిక. "పొనికి కర్ర ఉన్నది, ఉలి ఉన్నది, ఓపిక ఉన్నది. అది ఏ కారో, దాని కొలతలేమిటో మాత్రం తెలియదు. మా నాయన షెవర్లే అంటడు. బాపమ్మ పొట్టేలు బండి అంటది. ఎవరి మాట నమ్మాలె?" అని అడిగినారు. ఛాయాచిత్రపు నకలు కూడా జతపరచినారు.

ఒక పుస్తకం పేరు చెప్పినంత మాత్రాన ఈ ప్రశ్నకు జవాబు చెప్పినట్లు కాదు. పాత అమెరికన్ కార్ల మీద పుస్తకాలు, బొమ్మలు, పట్టికలు కోకొల్లలుగా ఉన్నవి. చిక్కంతా వాటిని పొందడంలో కంటె నమ్మడంలో ఉన్నది. ఆధారమన్నది న్యాయస్థానంలో నిలిచిన సాక్షి వంటిది. ప్రతి సాక్షికీ తాను చూచిన సంగతి ఒకటి ఉంటుంది, చూడని సంగతులు పది ఉంటవి. ఏ సాక్షిని ఏ ప్రశ్న అడుగవలెనో తెలిసికొనడమే ఈ విద్యలో మొదటి పాఠం.

ముందుగా నమూనా అంటే ఏమిటో చూతము. బొమ్మకు పోలిక ఉంటే చాలును. నమూనాకు కొలత కావలెను. అసలు కారు ఎన్ని అంగుళాలున్నదో, ఆ ప్రతి అంగుళాన్నీ ఒకే లెక్కన కుదించినదే నమూనా. అమెరికాలో ఇందుకు 25కు 1 వంతు అనే లెక్క బాగా వాడుకలోనికి వచ్చినది. 1948లో నెలకొన్న ఏ.ఎమ్.టి. వంటి సంస్థలు కొత్త కార్ల చిన్న ప్రతులను తయారు చేసి, కార్లమ్మే దుకాణాలకు ప్రచారం కోసం అందించేవి. అవి ఎక్కువగా ఈ లెక్కలోనివే. 24కు 1 వంతు అనే లెక్క మరొకటి; అడుగుకు అర అంగుళం కనుక అది నోటి లెక్కకు సులువు. రెండింటికీ తేడా అత్యల్పమని తోచవచ్చును. కాని 115 అంగుళాల దూరం ఒక లెక్కలో సుమారు 117 మిల్లీమీటర్లయితే, మరొక లెక్కలో దాదాపు 122 అవుతుంది. కారును ఒక లెక్కన చెక్కి, చక్రాలను మరొక లెక్కన బిగిస్తే, ఎక్కడ తప్పు జరిగినదో తెలియకపోయినా తప్పు జరిగినదని కన్ను చెబుతుంది.

ఇక ఛాయాచిత్రం దగ్గరకు వత్తము. దాని వెనుక ఉర్దూలో 1361 అని వ్రాసి ఉన్నది. అది ఫసలీ సంవత్సరం. నిజాం రాజ్యంలో వాడుకలో ఉండిన ఆ లెక్కకు 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది, అనగా 1951-52. ఈ సాక్ష్యం ఎంతవరకు చెబుతుందో గమనించండి. కారు అంతకు తరువాతిది కాదని గట్టిగా చెబుతుంది. అదే ఏడు తయారైనదని మాత్రం చెప్పదు. కారు అప్పటికే రెండు మూడేండ్ల పాతదై ఉండవచ్చును.

కారు ముందుభాగాన, బానెట్ కొసన ఒక లోహపు బొమ్మ కనబడుతున్నది. ఆనాటి అమెరికన్ కార్లకు అది ఇంటిపేరు వంటిది. షెవర్లేకు మెడపట్టీ ముడి ఆకారపు చిహ్నం. ప్లిమత్‌కు మేఫ్లవర్ అనే ఓడ. డిసోటోకు ఆ పేరుగల స్పెయిన్ దేశపు అన్వేషకుడు. డాడ్జ్‌కు 1930ల తొలినాళ్ళ నుండి కొమ్ములు తిరిగిన పొట్టేలు. ఛాయాచిత్రంలో ఉన్నవి కొమ్ములే! కంపెనీ పేరు బాపమ్మకు ఎవరూ చెప్పి ఉండరు. ఆమె తాను చూచినది చెప్పినది, అది సరిపోయినది. అట్లని తండ్రిగారిని తప్పుపట్టడానికీ వీలు లేదు. జనరల్ మోటార్స్ సంస్థ 1928 నుండే బొంబాయిలో షెవర్లే కార్లను కూర్చి అమ్మినది. ఊళ్ళలో పెద్ద కారు కనబడితే షెవర్లే అనుకొనడం సహజమే.

డాడ్జ్ అని తేలినది కనుక డాడ్జ్ పుస్తకం తెరిచి కొలతలు తీసికొనవచ్చునా? అసలు ఉచ్చు ఇక్కడనే ఉన్నది. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ అమెరికాలోని క్రైస్లర్ వారితో ఒప్పందం కుదుర్చుకొని, 1947 నుండి బొంబాయిలో కార్లను కూర్చడం ప్రారంభించినది. అక్కడి నుండి డాడ్జ్, ప్లిమత్, డిసోటో పేర్లతో కార్లు వచ్చినవి. అమెరికా వెలుపల డాడ్జ్ కింగ్స్‌వే అనే పేరుతో అమ్మిన కారు నిజానికి ప్లిమత్ కారే. శరీరం ప్లిమత్‌ది, ముఖానికి తగిలించిన అలంకారం డాడ్జ్‌ది. ఒకే మేనికి రెండు వేషాలన్నమాట. అమెరికాలో అమ్మిన డాడ్జ్ కారోనెట్ వేరు, ఇది వేరు.

ఈ భేదం అంకెలలో చూడండి. 1949 నుండి 1952 వరకు వచ్చిన కారోనెట్‌కు ముందు ఇరుసు నుండి వెనుక ఇరుసు వరకు 123.5 అంగుళాలు. ఆ ఏండ్లలోనే ప్లిమత్ పెద్ద రకపు నాలుగు తలుపుల కారుకు 118.5 అంగుళాలు. ఈ దూరాన్నే మోటారు పనివారు వీల్‌బేస్ అంటారు. 25కు 1 వంతు లెక్కన మొదటిది సుమారు 125.5 మిల్లీమీటర్లు, రెండవది 120.4. అయిదు మిల్లీమీటర్లు! అరచేతిలో పట్టే కారుకు అది చిన్న తప్పు కాదు. వెనుక తలుపు రూపమే మారిపోతుంది. పొట్టేలును చూచి డాడ్జ్ పుస్తకం తెరిచినవాడు, ఎంత శ్రద్ధగా చెక్కినా, వేరొక కారునే చెక్కుతాడు.

కావున కొలతలకు ప్లిమత్ గ్రంథాలను, ముఖాలంకారానికి ఛాయాచిత్రాన్ని ఆశ్రయించవలసిందని ఆ శ్రోతకు వ్రాసినాము. కొలతలు ఎక్కడ దొరుకుతవి? కంపెనీలు తమ పనివారికై అచ్చువేసిన మరమ్మతు గ్రంథాలు అన్నింటికంటె నమ్మదగినవి. ప్రమాదంలో వంగిన చట్రాన్ని సరిచేయడానికి వాటిలో చట్రపు కొలతల పటాలు ఇచ్చేవారు. విడిభాగాల పట్టికలలో తలుపు పిడి మొదలు దీపపు చట్టం వరకు ప్రతి భాగానికి విడివిడిగా బొమ్మ ఉంటుంది. ఇవి అమ్మకానికి వేసిన పుస్తకాలు కావు, పనికి వేసినవి. వీటిలో అబద్ధమాడితే మెకానిక్కు పని చెడుతుంది.

అమ్మకపు కరపత్రాల సంగతి వేరు. 1950లలో వాటికి బొమ్మలు గీసిన చిత్రకారులు కారును ఉన్నదానికంటె పొడవుగా, నేలకు దగ్గరగా గీసేవారు. లోపల మనుషులను చిన్నగా గీసి సీట్లను విశాలంగా చూపేవారు. పెండ్లి సంబంధానికి పంపిన ఫోటో వంటివవి! రంగుల పేర్లు, సీటుగుడ్డల నేత, ఏ రకానికి ఏ అలంకారం అన్న సంగతులు వాటిని అడుగవచ్చును. కొలత మాత్రం అడుగరాదు. రంగు విషయంలో వాటికంటె గట్టి సాక్షులు డిట్జ్‌లర్, డ్యూపాంట్ వంటి రంగుల కంపెనీలవారు ఏటేటా మరమ్మతు దుకాణాలకు పంపిన నమూనా పట్టికలు. వాటిలో నిజమైన రంగు పూసిన ముక్కలే అతికించి ఉంటవి. నలుపు తెలుపు ఛాయాచిత్రం రంగును గురించి మూగసాక్షి అని మరువరాదు. ఎరుపూ ఆకుపచ్చా అందులో ఒకే బూడిద రంగుగా కనబడవచ్చును.

ఈ కాగితాలు నేడు కొన్ని పెద్ద భాండాగారాలలో భద్రంగా ఉన్నవి. డెట్రాయిట్ నగర గ్రంథాలయంలో మోటారు చరిత్రకై ప్రత్యేక సేకరణ ఉన్నది. పెన్సిల్వేనియాలోని హెర్షీ పట్టణంలో పాత కార్ల అభిమానుల సంఘంవారి గ్రంథాలయం ఉన్నది. ఫోర్డ్ కంపెనీ తన పాత కరపత్రాలను, ఛాయాచిత్రాలను 2022లో అంతర్జాలంలో అందరికీ తెరిచినది. జనరల్ మోటార్స్ వారు తమ పాత కార్ల వివరపత్రాలను సంవత్సరాల వారీగా అందిస్తున్నారు. 1936 నుండి 1972 వరకు వారం వారం వెలువడిన లైఫ్ పత్రిక సంచికలు గూగుల్ పుస్తకాలలో ఉచితంగా చూడవచ్చును. వాటిలోని కార్ల ప్రకటనలే ఒక చిన్న గ్రంథాలయం. వెల్గటూరులో కూర్చుండి చేతి ఫోనులో ఇవన్నీ చూడగలగడం నేటి భాగ్యం. అయితే వెదుకునప్పుడు కారు పేరు ఒక్కటే చాలదు. సంవత్సరం, రకం, తలుపుల సంఖ్య కూడా చేర్చి వెదుకవలెను.

అమెరికా కాగితాలు చెప్పలేని సంగతి ఒకటున్నది. అక్కడ స్టీరింగు ఎడమ వైపు ఉంటుంది, మన దేశంలో కుడి వైపు. అక్కడి బొమ్మను చూచి లోపలి భాగం చెక్కితే, తాతగారు దొరవారి ప్రక్కసీటులో కూర్చుండి కారు నడిపినట్లవుతుంది. అందుచేత ఇక్కడి ఆధారాలు వేరుగా వెదుకవలెను. ఇంటింటి ఆల్బములు, పెండ్లి ఊరేగింపుల ఛాయాచిత్రాలు, నాటి తెలుగు, హిందీ చలనచిత్రాలు ఇందుకు అక్కరకు వస్తవి. పాత ఛాయాచిత్రాన్ని తిరగేసి అచ్చువేసిన సందర్భాలు లేకపోలేదు. కనుక నంబరు పలకపై అక్షరాలు తిన్నగా ఉన్నవో లేవో ముందు చూచి, తరువాతనే కుడియెడమల మాట నమ్మవలెను.

అసలు కారు కళ్ళారా చూచే వీలుంటే అంతకంటె కావలసినదేమున్నది? హైదరాబాదులో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో రోల్స్‌రాయిస్, జాగ్వార్ కార్లతో పాటు ప్యాకార్డ్ అనే అమెరికన్ కారు ఉన్నది. అది మన పొట్టేలు బండి కాదు. అయినా ఆ కాలపు రేకు ఎంత దళసరి, వంపులు వెలుగును ఎట్లు పట్టుకొంటవి, తలుపుల సందు ఎంత అన్న విషయాలు పుస్తకంకంటె అది బాగా నేర్పుతుంది. బాగుచేసిన పాత కార్లను చూచునప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. వాటికి కొత్త రంగు, వేరు చక్రాలు, తరువాతి కాలపు దీపాలు అమర్చి ఉండవచ్చును. అవి నేటి తమ స్థితికి సాక్షులు, 1951కి కావు.

కొలత దొరకని చిన్న భాగాలకు ఛాయాచిత్రమే స్కేలు అవుతుంది. ఆనాటి ప్లిమత్ చక్రపు రిమ్ము 15 అంగుళాలది. మన అంబాసిడర్ చక్రం కూడా 15 అంగుళాలదే. ఏ గ్యారేజీలోనైనా అంబాసిడర్ రిమ్మును టేపుతో బయటి అంచు వరకు కొలిచి, ఆ అంకెతో ఛాయాచిత్రంలోని రిమ్మును పోల్చితే, అదే వరుసలో ఉన్న తలుపు పిడి ఎంత పొడవో అందాజుగా తెలుస్తుంది. ప్రక్క నుండి, దూరంగా నిలిచి తీసిన చిత్రానికే ఈ లెక్క చెల్లుతుంది. దగ్గరగా తీసిన చిత్రంలో ముందున్నది పెద్దదై, వెనుకనున్నది కుంచించుకొని పోతుంది.

నాటి ప్రచార నమూనాలను చూచి చెక్కవచ్చును గదా అని కొందరంటారు. వాటిలో చాలావాటిని ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసినారు. కాలం గడిచేకొద్దీ అది వంగి ముడుచుకొనిపోతుంది. వంగిన సాక్షిని కొలత అడుగలేము. జనరల్ మోటార్స్ వారి ఫిషర్ బాడీ విభాగం 1930 నుండి 1968 వరకు బాలురకు నమూనాల పోటీలు నడిపి, గెలిచినవారికి కళాశాల చదువుకై వేతనాలిచ్చినది. మొదట నెపోలియన్ కాలపు రాజశకటాన్ని ఇచ్చిన పటం ప్రకారం చెక్కవలె. తరువాతి పోటీలలో సొంత ఊహతో కారును చెక్కవలె. మన వడ్రంగి మిత్రుని పని ఆ రెండింటికంటె కష్టం. ఆయన చెక్కవలసినది నిజమైన కారు, కాని చేతికి పటం లేదు.

అయినా అటువంటి పని వెల్గటూరు మండలానికి కొత్త కాదు. గోదావరి ఒడ్డున అక్కడనే కోటిలింగాల ఉన్నది. శాతవాహన వంశానికి ఆద్యుడైన సిముకుని పేరుగల నాణేలు ఆ మట్టిలోనే దొరికినవి. పురాణాలలోని రాజుల పట్టికకు ఒక చిన్న లోహపు ముక్క సాక్ష్యమిచ్చినది. ఎల్లంపల్లి జలాశయం ఆ తీరాన కొన్ని పల్లెలను ముంచివేసినది. ఆ ఇండ్లను నేడు చూడవలెనంటే మిగిలినవి ఛాయాచిత్రాలు, పెద్దల మాటలు. వస్తువు పోయిన తరువాత సాక్ష్యం విలువ ఎంతటిదో అక్కడివారికి మనం చెప్పనక్కరలేదు.

మొన్న ఆ శ్రోత నుండి రెండవ ఉత్తరం వచ్చినది. ఇరుసుల దూరం 120 మిల్లీమీటర్ల మీద కొంచెం పెట్టి కర్ర కోసినారట. పొట్టేలును ఇత్తడితో చేయించినారట. బాపమ్మ దానిని తడిమి చూచి, కొమ్ములు ఇంకా వెనుకకు తిరిగి ఉండేవని చెప్పినదట. ఛాయాచిత్రాన్ని భూతద్దంతో మళ్ళీ చూస్తే ఆమె మాటే నిజమైనదట. రంగు ఇంకా వేయలేదు. నమూనా క్రింద అతికించడానికి ఆయన ఒక కాగితం సిద్ధం చేసికొన్నారు. అందులో రెండు వరుసలు: ఆధారంతో చేసినవి ఒక వరుస, ఊహతో చేసినవి ఒక వరుస. కొమ్ములు మొదటి వరుసలో చేరినవి.