‘కారణంగా’ అన్న ఒక్క మాట

ఇటిక్యాల చుట్టుపక్కల ఊళ్ళల్లో ఎవరిది ఏ కులమో తెలియని మనిషి ఉండడు. అదే సంగతి కోర్టు మెట్లెక్కితే మాత్రం రుజువు కాదు. ఎందుకు కాదో చెప్పాలని మేము ఇది రాస్తున్నాం.

శిక్ష వేసేది జడ్జి అనుకుంటాం. ఎంతకు తగ్గకూడదో, ఎంత దాటకూడదో ముందే రాసిపెట్టేది చట్టసభ. 1955 నాటి అంటరానితనం నేరాల చట్టంలో గరిష్ఠ శిక్ష ఆర్నెల్లు, లేదంటే ఐదొందల జరిమానా. రెండు గ్లాసులు పెట్టినోడు జరిమానా కట్టి బయటపడొచ్చు. 1976లో కనీసం నెల జైలు, దానితోపాటు జరిమానా అన్నారు. పైపరిమితి మాత్రం ఆర్నెల్లే.

1985లో కారంచేడు జరిగింది. 1989లో పార్లమెంటు అత్యాచారాల నిరోధక చట్టం చేసింది. ఇందులో కనీసం ఆర్నెల్లు, గరిష్ఠం ఐదేళ్ళు. పద్దెనిమిదేళ్ళు దాటిన వాళ్ళకు ప్రొబేషన్ లేదు. పదేళ్ళు, ఆపైన శిక్షపడే నేరాన్ని బాధితులు ఎస్సీ, ఎస్టీ అయిన ‘కారణంగా’ చేస్తే యావజ్జీవం. జడ్జి తగ్గించే వీలే లేదు.

గట్టి చట్టమే. కానీ ఆ ‘కారణంగా’ దగ్గరే తలుపు మూసుకుంది. పుట్టుగుడ్డి అయిన ఒక దళిత యువతిపై ఆంధ్రలో జరిగిన అత్యాచారం కేసులో 2021లో సుప్రీంకోర్టు ఐపీసీ కింద యావజ్జీవాన్ని నిలబెట్టింది గానీ, కులం కారణమని రుజువు కాలేదని ఈ సెక్షన్ కింద శిక్షను కొట్టేసింది. మనసులో ఏముందో సాక్షి ఎట్లా చెప్పాలె?

ఆ తీర్పుకు ముందే, 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చిన సవరణలో పార్లమెంటు ఆ మాట తీసేసి ‘తెలిసి’ అని పెట్టింది. నిందితుడికి బాధితురాలు గానీ, ఆమె కుటుంబం గానీ ఎరుకైతే, కులం తెలుసనే కోర్టు భావించాలంది. కాకపోతే పాత నేరాలకిది వర్తించదు.

మాటలు మార్చినంత మాత్రాన అంతా అయిపోదు. చుండూరులో 1991లో ఎనిమిది మందిని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

ఇటిక్యాల ఉన్న అలంపూర్ రిజర్వుడు నియోజకవర్గం. ఎమ్మెల్యేను రోడ్డు అడుగుతాం, బోరు అడుగుతాం. తప్పు లేదు. 1995 నాటి నిబంధనల ప్రకారం జిల్లా విజిలెన్స్ కమిటీలో ఎంపీలు, ఎమ్మెల్యేలు సభ్యులు. మూడు నెలలకోసారైనా కమిటీ కూర్చోవాలి. కిందటిసారి ఎప్పుడు కూర్చున్నారు, ఏ కేసులు చూశారు అని కూడా అడగాలె.