బొమ్మకారే కదా అనుకోకండి!

కొండపల్లి మాకు దగ్గరే. తెల్లపొణికి చెక్కతో చేసిన ఆ ఎడ్లబండికి తాడు కట్టి లాగితే కదులుతుంది, వదిలితే ఆగుతుంది. దానికి బ్రేకుతో పనేముంది? ఇప్పటి పిల్లల చేతుల్లోకి వస్తున్న రిమోట్ కార్ల సంగతి అలా కాదు. సంతలో దొరికే ప్లాస్టిక్ వాటి గురించి కాదు నేను చెప్పేది. మట్టిలో, గుంటల్లో పరుగెత్తే ఎలక్ట్రిక్ బగ్గీల గురించి. అసలు కారులో ఎనిమిదో వంతు సైజుండే ఈ బగ్గీ బరువు సుమారు మూడున్నర కిలోలు. గంటకు 60 కిలోమీటర్ల వేగం దానికో లెక్క కాదు. ఆ వేగంతో వచ్చి తగిలితే ఎంత దెబ్బో తెలుసా? అంత బరువున్న రాయి 14 మీటర్ల ఎత్తునుంచి, అంటే నాలుగంతస్తుల మేడ మీదనుంచి పడ్డంత!

గన్నవరంలో మా ఇంటికి ఇలాంటి కారు ఒకటి వచ్చింది. పాలిటెక్నిక్ చదివే మా అబ్బాయి స్నేహితుడి దగ్గర పాతది కొన్నాడు. ఓ సాయంత్రం వీధి చివరి ఖాళీ ప్లాట్లో తిప్పుతుంటే ఉన్నట్టుండి అది మాట వినడం మానేసింది. వాడు బ్రేకు నొక్కుతూనే ఉన్నాడు, అది పోతూనే ఉంది. గోళీలాడుతున్న ఇద్దరు పిల్లల మధ్యనుంచి దూసుకెళ్ళి ప్రహరీగోడకు కొట్టుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. “బ్రేకు సంగతి తేలేదాకా కారు గుమ్మం దాటకూడదు” అన్నాను. మావారు కూడా నా పక్షమే!

విప్పి చూస్తే తప్పు ఎక్కడుందో తెలిసింది. మోటారు ఇరుసు మీద చిన్న పళ్ళచక్రం ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే మర వదులైంది, అంతే.

మోటారే బ్రేకు

“మర వదులైతే బ్రేకెందుకు పోతుందిరా?” అని అడిగాను. “ఈ కార్లకు విడిగా బ్రేకుండదమ్మా, మోటారే బ్రేకు” అన్నాడు. రిమోట్‌లో బ్రేకు నొక్కగానే స్పీడ్ కంట్రోలర్ మోటారు తీగల్ని ఒకదానితో ఒకటి కలుపుతుంది. అప్పుడు తిరుగుతున్న మోటారు కాసేపు డైనమోలా మారి, తన తిరుగుడుకు తానే అడ్డుపడుతుంది. వేగం ఎక్కువుంటే పట్టు ఎక్కువ, తగ్గేకొద్దీ పట్టూ తగ్గుతుంది. అందుకే ఏటవాలు మీద బండిని కదలకుండా నిలపడం దీనివల్ల కాదు. పైగా ఆ వేడంతా మోటారు, కంట్రోలరే భరించాలి. మన మే నెల ఎండలకు అది తోడైతే ఇక చెప్పాలా!

నాకు వెంటనే కుట్టుమిషను గుర్తొచ్చింది. మోటారు బిగించుకున్న మిషను మీద పనిచేసేవాళ్ళకు తెలుసు. బెల్టు జారితే మోటారు ఆగినా చక్రం కాస్త తిరుగుతూనే ఉంటుంది. అప్పుడేం చేస్తాం? చక్రం మీద అరచెయ్యి ఆనిస్తాం. ఆ అరచెయ్యే మెకానికల్ బ్రేకు! మోటారుతో, బెల్టుతో దానికి సంబంధం లేదు.

అరచెయ్యి ఎలా బిగించాడంటే...

ఇంధనంతో నడిచే నైట్రో బగ్గీల్లో ఈ ఏర్పాటు ముందునుంచీ ఉంది. మధ్య డిఫరెన్షియల్‌కు ముందొకటి, వెనకొకటి పల్చటి డిస్కులు ఉంటాయి. చిన్న లివర్లు వాటిని బ్రేకు ముక్కల మధ్య నొక్కిపడతాయి. మావాడు ఆ సామాను తెప్పించి, సరిపోని పట్టీని విజయవాడ ఆటోనగర్‌లో చేయించాడు. లివర్లను లాగడానికి అగ్గిపెట్టెంత సర్వో మోటారు అమర్చాడు. వై ఆకారపు తీగతో రిసీవర్ సిగ్నల్‌ను కంట్రోలర్‌కూ సర్వోకూ పంచాడు. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు కడ్డీ ఊరికే జారిపోతుంది, బ్రేకు నొక్కినప్పుడే లివర్‌ను లాగుతుంది. కంట్రోలర్‌లో బ్రేకు బలం సున్నాకు దించి, రివర్సు తీసేశాడు. లేకపోతే ఒకపక్క డిస్కు పట్టుకుంటుంటే మరోపక్క మోటారు వెనక్కి తిరగబోతుంది.

ఇందులో ఇంకో లాభం ఉంది. ముందు చక్రాలకెంత పట్టు, వెనక చక్రాలకెంత అన్నది విడివిడిగా సరిచేసుకోవచ్చు. ముందువి బిగుసుకుపోతే బండి మలుపు తిరగదు. వెనకవి బిగుసుకుపోతే బొంగరంలా గిరగిరా తిరుగుతుంది. రెండూ పరీక్షించి కాస్త కాస్తగా మర తిప్పుకోవాలి.

అయితే సర్వోకీ కరెంటు కావాలిగా! పెద్ద బ్యాటరీ తీగ ఊడితే దాని మీదే ఆధారపడ్డ ఈ బ్రేకూ పోతుంది. అందుకని రిసీవర్‌కు, సర్వోకు వేరే చిన్న బ్యాటరీ పెట్టించాను. అప్పుడు కంట్రోలర్ నుంచి రిసీవర్‌కు వచ్చే ఎర్ర తీగను తీసేయాలి, రెండు కరెంట్లు కలవకూడదు. సిగ్నల్ తెగితే సర్వో తనంతట తానే బ్రేకు వేసేలా ఫెయిల్‌సేఫ్ కూడా సరిచేయించాను.

మన స్కూటర్లూ అంతే

ఇది పిల్లల గొడవే అనుకోకండి. ఎలక్ట్రిక్ స్కూటర్ మీద బజారుకు, ఆఫీసుకు వెళ్ళే మనకూ ఇదే వర్తిస్తుంది. చాలా స్కూటర్లలో యాక్సిలరేటర్ వదలగానే మోటారు వెనక్కి పట్టి బండిని నెమ్మదింపజేస్తుంది, ఆ కరెంటు బ్యాటరీలోకి పోతుంది. బాగానే ఉంది. కానీ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఆ పట్టు తగ్గుతుంది. అందుకే డిస్కు, డ్రమ్ము బ్రేకులు విడిగా ఉంటాయి. “మోటారే ఆపుతోందిలే” అని వాటి సర్వీసింగ్ వాయిదా వేయకండి.

ఇక ఇంట్లో ఇలాంటి కారుంటే, తల్లులూ, బయటికి తీసే ముందు ఈ మూడూ చేయించండి. కారు కింద పుస్తకాల దొంతర పెట్టి, చక్రాలు గాలిలో ఉండగా బ్రేకు పట్టుకుంటోందో లేదో చూడమనండి. రిమోట్ ఆపేస్తే బ్రేకు పడుతోందో లేదో చూడమనండి. పళ్ళచక్రం మర బిగుతుగా ఉందో లేదో వేలితో కదిపి చూడమనండి. ఐదు నిమిషాల పని. ఆ తర్వాత కూడా వీధిలో వద్దు, హైవే దరిదాపుల్లో అసలే వద్దు. కోతలయ్యాక ఎండిన పొలాలు బోలెడున్నాయి. ఎంత వేగంగా పోతుందో పిల్లలు మురిపెంగా చెబుతారు. ఎంత దూరంలో ఆగుతుందో అడగాల్సింది మనమే.