శ్రీమతి భానుమతీ రామకృష్ణ : గృహజీవనము – కళాసాధన

ఆంధ్ర కథానికా చరిత్రమును అధ్యయనము చేయు విద్యార్థులలో ‘అత్తగారి కథలు’ పేరు విననివారుండరు. అయినను హాస్యరచనలను గూర్చి వ్రాయు విమర్శకులు పలువురు, ఇవి ఒక చలనచిత్రతార తీరికవేళ వ్రాసికొన్న వినోదములను భావముతో, రెండు మెచ్చుకోలు వాక్యములు వ్రాసి ముందునకు సాగిపోవుట మేము గమనించితిమి. ఈ తీర్పు న్యాయమైనది కాదని మా యభిప్రాయము. ఆ కథల స్వరూపము బోధపడవలెనన్నచో, ఆ రచయిత్రి జీవితమునందు కుటుంబమునకు గల స్థానమెట్టిదో మొదట పరిశీలింపవలయును.

శ్రీమతి భానుమతి 1925లో ఒంగోలు ప్రాంతమునందలి దొడ్డవరమున జన్మించిరి. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారు సంగీతప్రియులు. ఆమెకు తొలి గురువు ఆయనయే. 1939లో కాళ్లకూరి నారాయణరావుగారి ‘వరవిక్రయము’ చలనచిత్రముగా వెలువడినపుడు, వరశుల్కమునకు బలియైన కాళింది పాత్రతో ఆమె వెండితెరకు వచ్చిరి. అప్పటికామె ఇంకను బాలికయే. 1943లో ‘కృష్ణప్రేమ’ చిత్రనిర్మాణ సమయమున సహాయ దర్శకులైన పి. ఎస్. రామకృష్ణారావుగారితో పరిచయమై, ఆ సంవత్సరమే వివాహమైనది.

ఇక్కడ మనము గమనింపదగిన విషయమొకటి కలదు. వివాహానంతరము ఆమె సినిమా వృత్తిని విడిచి గృహిణిగా నుండిపోవ నిశ్చయించుకొనిరి. ఆ నిశ్చయమును సడలించినది బి. ఎన్. రెడ్డిగారి ‘స్వర్గసీమ’ (1945). భర్త యంగీకారముతో, ఈ యొక్క చిత్రమునకే యని ఆమె ఒప్పుకొనిరి. అందు ఆమె ధరించిన పాత్ర యెట్టిది? వీథులలో ఆడిపాడు సుబ్బి సుజాతాదేవియై, నాగయ్యగారి పాత్రను భార్యాబిడ్డలకు దూరము చేయునది. కొత్త కాపురమును విడిచి రాజాలనన్న యువతి, ఒక కాపురమును కూల్చు స్త్రీగా నటించి ప్రఖ్యాతి గడించుట విధివిలాసమే. ఆ ఖ్యాతి వలన వెనుకకు మరలుట అసాధ్యమైనది.

అంతట దంపతులు కళనే ఇంటిలోనికి తెచ్చుకొనిరి. కుమారుని పేరిట భరణీ సంస్థను నెలకొల్పి 1947లో ‘రత్నమాల’ తీసిరి. భర్త దర్శకులు, భార్య నటి, గాయని. ‘లైలామజ్ను’ (1949), ‘విప్రనారాయణ’ (1954), ‘బాటసారి’ (1961) మొదలగునవి ఆ సంస్థ చిత్రములే. 1953లో ‘చండీరాణి’ని ఆమెయే తెలుగు, తమిళము, హిందీ భాషలలో దర్శకత్వము వహించి తీసిరి. ‘మల్లీశ్వరి’ (1951) వంటి బయటి చిత్రముల ప్రశస్తి సర్వవిదితము గాన ఇట విస్తరింపము.

ఆమెను గర్విష్ఠురాలనువారు చెప్పు ముఖ్య సాక్ష్యము ‘మిస్సమ్మ’ (1955) వృత్తాంతము. ఆ చిత్రమునకు మొదట నియమింపబడిన నాయిక ఆమెయే. కొంతభాగము చిత్రీకరణము కూడ జరిగినది. వరలక్ష్మీవ్రతము చేసికొని ఆలస్యముగా వచ్చినందున నిర్మాత చక్రపాణిగారికిని ఆమెకును మాట పట్టింపు కలిగినది. ఆమె క్షమాపణకు అంగీకరింపలేదు. పాత్ర సావిత్రిగారికి దక్కినది. సావిత్రిగారి కీర్తికి అది సోపానమైనదని అందరు నెఱుగుదురు. ఈ కథను చెప్పువారు పొగరు అను మాటను తప్పక వాడుదురు. వ్రతము అను మాట మాత్రము వారికి కథలో ఒక సాకుగా తోచును. మేమట్లు తలపము. ఇంటి పూజ ముగిసిన తరువాతనే స్టూడియో అను క్రమము ఆమె జీవితమంతటను కనబడుచున్నది. దాని కామె చెల్లించిన మూల్యము తక్కువది కాదు.

ఈ దృష్టితో ‘అత్తగారి కథలు’ తెరచి చూడుడు. కథ చెప్పునది కోడలు. బయట పదిమంది ఆమె మాటకై నిరీక్షింతురు. ఇంటిలోనో, అత్తగారి మడి, ఆవకాయ, ఆచారము – వీని యెదుట ఆ కోడలు సాక్షిమాత్రమే. అత్తగారు పాతకాలపు మనిషి, అమాయకురాలు, అయినను తన పనియొద్ద మిక్కిలి లౌక్యురాలు. ఈ రెండు గుణములు ఒకే వాక్యమునందు పొడకట్టుటలోనే హాస్యము పుట్టుచున్నది. కోడలు అత్తను వెక్కిరింపదు, అట్లని పూజింపదు. ఆమె వినును, వినినది వినినట్లు చెప్పును. పాఠకుని నవ్వు అత్తగారిపై ఎంత పడునో, ఏమియు చేయజాలని కోడలిపైనను అంత పడును.

మన పల్లెపదములలోను, సామెతలలోను అత్త యనగా ఆరడి పెట్టునది. అత్తమీది కోపము దుత్తమీద చూపినదను పలుకుబడి ఏ కాలముదో చెప్పలేము. వెండితెరపై సూర్యకాంతముగారు ఆ సంప్రదాయమునకు శాశ్వత రూపమిచ్చిరి. ‘గుండమ్మకథ’ (1962) అందరి యెఱుకలోనిదే. భానుమతిగారు ఆ బాటను త్రొక్కలేదు. శీర్షికలోని ‘గారు’ అను ప్రత్యయమునే చూడుడు. అది మర్యాద, కొంచెము దూరము, చిరునవ్వు కూడ. ఆ మూడింటిని కలిపి కథ పొడవునను నిలుపుట తీరికవేళ వినోదముగా సాధ్యమగు పని కాదు. మా తరగతిలో ఒక విద్యార్థిని ఈ కథలు చదివి, తమ నాయనమ్మ మాటలనే అచ్చు వేసినారా యని యడిగినది. దానికంటె మంచి విమర్శ మేము వ్రాయజాలము.

ఈ కథలకు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి బహుమతి లభించినది. 1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్ బిరుదములు వచ్చినవి. ‘నాలో నేను’ అను స్వీయచరిత్ర జాతీయ పురస్కారమునకు పాత్రమైనది. 1984లో ‘మంగమ్మగారి మనవడు’ చిత్రమున ఆమె అవ్వయై నటించినపుడు, ఆ మంగమ్మ పలుకులో కథలలోని అత్తగారి బింకము వినబడినదని మాకు తోచినది. 1986లో రామకృష్ణారావుగారు గతించిరి. 2005 డిసెంబరు 24న మద్రాసులో ఆమె పరమపదించిరి.

స్వీయచరిత్రమును, కథలను ప్రక్కప్రక్కన పెట్టి, కోడలు తన్ను గూర్చి ఎచట మౌనము వహించినదో, ఎచట నోరు విప్పినదో పరిశీలించు పని ఇంకను మిగిలియున్నది. పరిశోధక విద్యార్థులెవరైన పూనుకొన్నచో, సంభాషణములలోని నుడికారమునుండి ఆరంభింపవలసినదని మా సూచన.