పాదపు వంపు – కాలి శక్తి

కబడ్డీ జట్టునకో, వాలీబాల్ జట్టునకో గ్రామమున యువకులను ఎంచునపుడు పెద్దలు ఎత్తును, ఒడ్డును చూతురు. కొందరు పాదములను గూడ చూతురు. అరికాలు పూర్తిగా నేల కానినచో "వీనివి చదును పాదములు, పరుగునకు పనికిరాడు" అని ప్రక్కకు తప్పించుటయు కలదు. ఆ మాట విన్న బాలుడు మరల మైదానమునకు రాకపోవచ్చును. తలిదండ్రులు అప్పు చేసి ప్రత్యేకపు బూట్లు కొనవచ్చును. కావున ఈ నమ్మకములో నిజమెంతయో గ్రామ పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము. పాదపు ఆకారమునకును, కాలి శక్తికిని గల సంబంధమును ఈ వ్యాసమున సులభముగా వివరింపదలచితిమి.

పాదము పనిచేయు విధము

మానవ పాదమున 26 ఎముకలు, 33 కీళ్లు కలవు. శరీరములోని ఎముకలలో నాల్గవ వంతు రెండు పాదములలోనే యున్నవి. ఈ ఎముకలు మూడు వంపులుగా అమరియున్నవి. లోపలి అంచున మడమ మొదలు బొటనవ్రేలి మొదలు వరకు ఒకటి, వెలుపలి అంచున ఒకటి, అడ్డముగా ఒకటి. లోపలి వంపు పెద్దది. పాదపు వంపు అన్నపుడు సామాన్యముగా దీనినే చెప్పుకొందుము.

ఈ వంపు రాతి కమాను వలె కదలనిది కాదు. అడుగు నేలను తాకినపుడు కొంచెము క్రుంగి శరీరపు బరువును మెత్తగా గ్రహించును. మడమ లేచి బరువు వ్రేళ్లపైకి వచ్చునపుడు అరికాలిలోని గట్టి పట్టీ బిగిసి, వంపు మరల లేచును. అపుడు పాదము గట్టి మీట వలె పనిచేసి శరీరమును ముందునకు త్రోయును. బొటనవ్రేలు పైకి వంగినపుడు ఈ పట్టీ, బరువు నెత్తు యంత్రమున త్రాడు చుట్టుకొని బిగిసినట్లు, బిగియునని ఇంగ్లండు దేశపు హిక్స్ అను శాస్త్రజ్ఞుడు 1954లో వివరించెను. క్రుంగుట, లేచుట రెండును పాదమునకు అవసరములే.

కాలి శక్తి యననేమి?

బలము వేరు, శక్తి వేరు. ధాన్యపు బస్తాను మోయువానికి బలము కలదు. కబడ్డీలో పట్టుబడబోవు క్షణమున నడిమి గీతను అందుకొనుటకు దుముకువానికి బలముతోబాటు వేగము కావలెను. ఈ రెండును కలిసినదే శక్తి.

ఇది ప్రధానముగా తుంటి, తొడ, పిక్క కండరములలో పుట్టును. పాదము దానిని నేలకు అందించును. ఎడ్లు బండిని లాగును, చక్రము నేలపై దొరలును. చక్రము సడలియున్నచో ఎడ్ల శ్రమ కొంత వ్యర్థమగును, నిజమే. కాని చక్రమును మాత్రము చూచి ఎడ్ల సత్తువను చెప్పగలవారెవరు?

కాలి శక్తిని పరీక్షించుటకు ఖరీదైన యంత్రములు అక్కరలేదు. యువకుడు గోడ ప్రక్కన నిలిచి, చేయి చాచి అందినచోట సుద్దతో గుర్తు పెట్టవలెను. తరువాత ఉన్నచోటనే పైకి దుమికి మరియొక గుర్తు పెట్టవలెను. రెండు గుర్తుల నడిమి దూరమే కొలత. ఇట్టి పరీక్షను 1921లో అమెరికాలో డడ్లీ సార్జెంట్ అను వ్యాయామ విద్యావేత్త ప్రచారమునకు తెచ్చెను. నేటికిని అది వాడుకలో నున్నది.

పాదమును కొలుచుట

తడిపాదముతో గచ్చుపై అడుగు వేసి అచ్చును చూచుట అందరెరిగిన పద్ధతి. అది స్థూలమైన సూచన మాత్రమే. ఇంతకంటె నమ్మదగిన పద్ధతిని 2006లో బ్రిటన్ దేశమున రెడ్మండ్ మొదలగువారు ప్రకటించిరి. ఇందు మనిషిని నిలువబెట్టి, మడమ వాలు, చీలమండ క్రింది వంపులు, లోపలి వంపు ఎత్తు మొదలగు ఆరు లక్షణములను పరిశీలింతురు. ఒక్కొక్కదానికి –2 మొదలు +2 వరకు అంకె నిత్తురు. మొత్తము 0 మొదలు +5 వరకు వచ్చినచో సాధారణ పాదము. +6, అంతకు మించినచో లోపలికి వ్రాలిన పాదము. సున్నకు తక్కువైనచో వంపు ఎక్కువగా గల పాదము. సాధారణ పాదములో సైతము కొంత లోపలి వ్రాలు ఉండునని దీనివలన తెలియుచున్నది. అది దోషము కాదు.

పరిశోధనలు తెలుపు సంగతులు

రెండవ ప్రపంచ యుద్ధకాలమున కెనడా సైనికుల పాదములను హారిస్, బీత్ అను వైద్యులు పరీక్షించి 1947లో నివేదిక నిచ్చిరి. 3,619 మంది సైనికులను పరిశీలించిన పిమ్మట, సులువుగా కదలుచు నొప్పి లేకయున్న చదును పాదము బలమైన పాదములలో ఒక రూపమేగాని రోగము కాదని వారు తేల్చిరి.

క్రొయేషియా దేశమున 11 మొదలు 15 ఏండ్ల వయస్సుగల 218 మంది బాలబాలికల పాదములను కొలిచి, దుముకుట, పరుగు, తూనిక నిలుపుట మొదలగు 17 పరీక్షలు జరిపిరి. ఆ ఫలితములు 2009లో వెలువడినవి. పాదము చదునుగా నున్నంతమాత్రమున ఆటలలో వెనుకబాటు కనిపింపలేదు. పెద్దలపై జరిగిన చిన్న పరీక్షలు కొన్నిటిలో స్వల్పమైన తేడాలు కనిపించినవి, కొన్నిటిలో అవియును లేవు. పాదమును చూచి ఒక యువకుని దూకుడును నిర్ణయించుటకు అవి ఎంతమాత్రము చాలవు.

గాయముల సంగతియు ఇట్లే యున్నది. అమెరికా పదాతిదళమున శిక్షణ పొందుచున్న 246 మందిని పరిశీలించిన 1993 నాటి నివేదికలో, మిక్కిలి చదును పాదములు గలవారికే గాయములు తక్కువగను, వంపు ఎక్కువగా గలవారికి ఎక్కువగను కనబడినవి. డెన్మార్కులో క్రొత్తగా పరుగు మొదలిడిన 927 మందికి ఒకే విధమైన సాధారణపు బూట్లనిచ్చి ఏడాదిపాటు గమనించిరి. పాదము లోపలికి వ్రాలియుండుటచే గాయములు పెరుగలేదని 2014లో ప్రకటించిరి.

మన దేశపు పరిశోధన యొకటి ప్రత్యేకముగా తెలిసికొనదగినది. రావు, జోసెఫ్ అను వైద్యులు 2,300 మంది పిల్లల పాదపు అచ్చులను పరిశీలించి 1992లో ఫలితములను వెల్లడించిరి. పాదరక్షలు తొడుగు పిల్లలలో నూటికి 8.6 మందికి చదును పాదములుండగా, తొడుగనివారిలో 2.8 మందికి మాత్రమే కలవు. చిన్ననాట పాదము స్వేచ్ఛగా కదలుట వంపు ఏర్పడుటకు తోడ్పడునని దీనివలన ఊహింపవచ్చును. పసిపిల్లలకు చదును పాదము సహజము. సుమారు పదేండ్ల వయస్సులోపల చాలమందికి వంపు తానుగనే ఏర్పడును. అయితే పిల్లలు మలమూత్రములతో చెడిన నేలపై చెప్పులు లేక తిరిగినచో కొంకిపురుగులు సోకును. స్వేచ్ఛగా తిరుగుటకు నేల శుభ్రముగా నుండవలెను. ఇది పంచాయతీ బాధ్యత.

వైద్యునికి చూపవలసిన సందర్భములు

చదును పాదము గల యువకుని మునివేళ్లపై నిలువమనవలెను. అపుడు వంపు కనబడి, మడమ కొంచెము లోపలికి తిరిగి, నొప్పి లేనిచో ఆ పాదము సాధారణముగా ఆటకు తగినదే. వంపు కనబడక పాదము బిగుసుకొని యున్నను, ఆటలో నొప్పి పుట్టుచున్నను, ఒక పాదమే క్రొత్తగా చదునుబడినను ఎముకల వైద్యునికి చూపవలెను. మధుమేహముచేగాని, మరేదైన వ్యాధిచేగాని పాదమున స్పర్శ తగ్గినవారు చెప్పులు లేక ఆడరాదు, నడువరాదు.

బూటులో పెట్టు మెత్తలు కొందరికి నొప్పిని తగ్గించును. వైద్యుడు చెప్పినచో వాడవలెను. మెత్తతో చదును పాదమునకు శాశ్వతముగా వంపు తెప్పింతుమని చెప్పువారిని మాత్రము నమ్మరాదు.

ఉద్యోగార్థులకు ఒక మాట

ఆటస్థలపు న్యాయము వేరు, నియామక నిబంధన వేరు. కేంద్ర సాయుధ పోలీసు బలగముల నియామక ప్రకటనలలో చదును పాదము అనర్హతలలో ఒకటిగా పేర్కొనబడుచున్నది. గ్రామములలో ఎందరో యువకులు రెండు మూడేండ్లు తెల్లవారుజామున పరుగెత్తి, వ్రాతపరీక్షలో నెగ్గి, చివరి వైద్యపరీక్షలో ఈ కారణమున వెనుకకు వచ్చి దుఃఖించుచున్నారు. అట్టివారు సాధన ఆరంభించుటకు ముందే ప్రభుత్వ ఆసుపత్రిలో పాదములు చూపించుకొని, తాము కోరు ఉద్యోగపు ప్రకటనలోని వైద్య నిబంధనలను పూర్తిగా చదువుకొనుట మేలు. ముందుగా తెలిసినచో వేరొక ఉద్యోగమునకు ప్రయత్నింపవచ్చును. కాలము, ధనము మిగులును.

పంచాయతీలు చేయదగిన పనులు

మొదటిది, పాదమును చూచి ఎవ్వరిని ఆటనుండి తొలగింపరాదు. గోడపై సుద్దగుర్తు పరీక్షను అందరికిని పెట్టి, రెండు నెలలకొకసారి కొలతను పుస్తకమున వ్రాయించినచో ఎవరు వృద్ధిపొందుచున్నారో తేటతెల్లమగును.

రెండవది, మైదానమును బాగుచేయవలెను. తెలంగాణ గ్రామములలో 2022లో క్రీడా ప్రాంగణముల ఏర్పాటు ఆరంభమైనది. ఎచ్చటనైనను స్థలముండుట చాలదు. గుంతలు పూడ్చి, రాళ్లు, గాజుపెంకులు, ముళ్లు ఏరివేయించి, నేలను చదును చేయింపవలెను. గుంతలో అడుగుపడిన చీలమండ మడతపడుటకు పాదము వంపుతో పనిలేదు. ప్రత్యేకపు బూట్లకు వెచ్చించు ధనముకంటె ఈ పనికి వెచ్చించునది ఎక్కువమందికి ఉపకరించును.

మూడవది, వ్యాయామ ఉపాధ్యాయుని సాయముతో యువకులకు కాలి సాధన నేర్పింపవలెను. గుంజిళ్లు తొడకును తుంటికిని బలమిచ్చును. ఒంటికాలిపై నిలిచి మడమను నెమ్మదిగా ఎత్తి దించుట పిక్కకును పాదమునకును మంచిది. ఆరోగ్యవంతుడైన పెద్దవాడు దీనిని ఎడతెగక 25 సారులు చేయగలుగుట మంచి గుర్తు. వ్రేళ్లను ముడువక బొటనవ్రేలి మొదలును మడమవైపునకు లాగి వంపును ఎత్తి పట్టుట అరికాలి కండరములకు సాధన. మొదట తక్కువ సారులు చేసి క్రమముగా పెంచవలెను. నడుమ విశ్రాంతి దినములు ఉండవలెను.

పాదపు ఆకారము చాలవరకు పుట్టుకతో వచ్చునది. కాలి శక్తి సాధనతో వచ్చునది. మొదటిదానిని మార్చుట మన చేతిలో లేదు. రెండవదానిని పెంచుకొనుటకు తగిన నేలను, అవకాశమును ప్రతి బాలునకు, ప్రతి బాలికకు కల్పించుట పంచాయతీల చేతిలోనే యున్నది. సభ్యులు ఈ విషయమును రాబోవు గ్రామసభలో చర్చించి, తమ ఊరి మైదానము నుండియే పని ఆరంభింతురని ఆశించుచున్నాము.