గుగ్గులు లివర్ జన్యువులను కదిలిస్తుంది, మరి కొలెస్ట్రాల్ తగ్గుతుందా?

మా ఆత్మకూర్ దిక్కు నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఇది: "కొలెస్ట్రాల్ ఉందన్నరు సార్, గోలీలు మానేసి గుగ్గులు వాడొచ్చా?" వద్దు అని ఒక్క మాటలో చెప్పొచ్చు. కానీ ఎందుకో తెలియాలి గదా.

గుగ్గులు అంటే రాజస్థాన్, గుజరాత్ ఎండు నేలల్లో పెరిగే ముళ్ల చెట్టు బంక. సుశ్రుత సంహితలో దీని గురించి ఉన్నది చూసి, బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి. సత్యవతి గారు కుందేళ్ల మీద పరీక్షించారు. 1966 నాటి థీసిస్ అది. కుందేళ్లలో కొలెస్ట్రాల్ తగ్గింది. తర్వాత లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ దీన్నుంచి మందే తయారుచేసింది.

ఇప్పుడు లివర్ కణం లోపలికి పోదాం. అక్కడ కొలెస్ట్రాల్ పిత్త ఆమ్లాలుగా మారుతుంది. ఆ పనిచేసే ఎంజైమును తయారుచేయించే జన్యువు సీవైపీ7ఏ1. పిత్త ఆమ్లాలు ఎక్కువైతే ఎఫ్ఎక్స్ఆర్ అనే ప్రోటీన్ ఆ జన్యువును తగ్గిస్తుంది. ట్యాంకు నిండంగనే మోటరు బంద్ చేసినట్టు. గుగ్గులులోని గుగ్గుల్‌స్టెరోన్ ఈ ఎఫ్ఎక్స్ఆర్‌ను అడ్డుకుంటుందని 2002లో అమెరికా పరిశోధకులు 'సైన్స్' పత్రికలో రాశారు. ఎఫ్ఎక్స్ఆర్ లేకుండా పుట్టించిన ఎలుకల మీద గుగ్గుల్‌స్టెరోన్ పనిచేయలేదు. రుజువు ముచ్చటగా ఉంది, నాకూ నచ్చింది.

మరుసటి ఏడాదే, 2003లో, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు కొలెస్ట్రాల్ ఎక్కువున్న 103 మంది మీద 8 వారాలు పరీక్షించారు. ఉత్త గోలీ మింగినవాళ్లలో చెడు కొలెస్ట్రాల్ 5 శాతం తగ్గింది. గుగ్గులు వాడినవాళ్లలో 4, 5 శాతం పెరిగింది!

ఒక్క స్విచ్చును నొక్కితే లివర్ అంతా మన మాట వినదు. పైగా గుగ్గుల్‌స్టెరోన్ ఒక్క ఎఫ్ఎక్స్ఆర్‌తో ఆగదు. పీఎక్స్ఆర్ అనే ఇంకో ప్రోటీన్‌ను లేపుతుంది. అది సీవైపీ3ఏ4 జన్యువును పెంచుతుంది. మనం మింగే మందుల్లో చాలావాటిని విరగ్గొట్టి బయటికి పంపే ఎంజైము దానిదే. నాకు అసలు భయం ఇక్కడ. బీపీకి వాడే ప్రొప్రనొలాల్, డిల్టియాజెమ్ గోలీలను గుగ్గులుతో కలిపి ఇచ్చినప్పుడు రక్తంలో ఆ మందు తక్కువగా కనిపించిందని 1994లోనే రాశారు.

ఇప్పటికే వాడుతున్నారా? ఆ డబ్బా తీసుకపోయి డాక్టరుకు చూపించండి, ఏ గోలీలు వాడుతున్నారో కూడా చెప్పండి. రాసిచ్చిన గోలీలు మీ అంతట మీరు ఆపకండి. ఒంటిమీద దద్దుర్లు వస్తే గుగ్గులు వెంటనే బంద్ చేయండి. అమెరికా పరీక్షలో గుగ్గులు వాడిన ఆరుగురికి అట్లనే వచ్చాయి.